ఆనింది

కొల్లేటికోట,
12 నవంబరు 2024

పూజ్యులైన బాబాయిగారికి,

ఇందుజ నమస్కరించి రాస్తున్నాను. నేనిక్కడ, అమ్మ తాడేపల్లిగూడెంలో బాగానే ఉన్నాం. ఏలూరులో మీ తమ్ముడుగారింట్లో అందరూ బాగున్నారని తలుస్తాను. మీ మోకాళ్ళకి నేను పంపిన నూనె రాస్తున్నారా, లేక దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెడుతున్నారా?

ఫోనులో అక్షరాలు పంపుతానంటే "ఆ మిణుకుమిణుకు నాకొద్దు, కాగితమైతే నాలుగుసార్లు చదువుకుంటాను" అంటారు. చెవులు పోయినవాళ్ళకి మొండితనం రెండింతలు పెరుగుతుందని అమ్మ అంటుంది. అందుకని సైటు ఆఫీసు కాగితాల మీద రాస్తున్నాను. తిట్టుకోకుండా చదవండి.

నాకు పడింది ఏ వంతెన పనో తెలుసాండీ? మీరు వర్కు ఇన్‌స్పెక్టరుగా, నాన్న పైలు మేస్త్రిగా పనిచేసిన పాత వంతెన పక్కదే. దానికి ఆరు మీటర్ల దూరంలో కొత్తది కడుతున్నాం. వచ్చిన మొదటి రోజు పాత వంతెన మధ్యకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. నాన్న పోయిన చోటు ఏదో నాకు తెలియదు. నాకప్పటికి అయిదేళ్ళు కదా. బస్సు మధ్యకి వచ్చేసరికి ఒకచోట కిందికి జారినట్టై ఊగుతుంది. కండక్టరు ముందే "పట్టుకోండమ్మా" అని కేకేస్తాడు. ఊళ్ళోవాళ్ళకి అలవాటైపోయింది.

ఇది పక్షులు గూళ్ళు కట్టే కాలం. వంతెన బరువు మోసే పైళ్ళని సుత్తితో కొట్టి నేలలోకి దింపడానికి వీల్లేదన్నారు. అందుకని కొత్త యంత్రం తెచ్చాం. ఉక్కు గొట్టాన్ని నీళ్ళలో నిలబెట్టి పైన దాన్ని బిగిస్తాం. అది కొట్టదు. గొట్టాన్ని సన్నగా వణికిస్తూ, అటూ ఇటూ కొద్దిగా మెలిపెడుతుంది. గొట్టం అడుగు అంచునుంచి నీళ్ళు చిమ్మి మట్టిని వదులు చేస్తాయి. నేల ఎదురు తిరగదు. గొట్టం దాదాపు తన బరువుకే దిగిపోతుంది. ఒడ్డున నిలబడితే పిండిమర చప్పుడంత, అంతే. ఈ యంత్రం కావాలని ఆఫీసులో నేను పోట్లాడింది ఒక్క పక్షుల కోసమే కాదండీ. మీ చెవులు తిన్నది ఆ సుత్తే కదా.

ఒక చిక్కుంది. గట్టి ఇసుకకి రెండు మీటర్ల పైనే నీళ్ళు కట్టేయాలి. లేకపోతే గొట్టం ఆనాల్సిన ఇసుకని కూడా నీళ్ళే వదులు చేసేస్తాయి. అంటే ఇసుక ఎంత లోతులో ఉందో ముందే తెలియాలి. నాలుగో స్తంభం దగ్గర అడుగు మట్టి చూడ్డానికి వేసిన మా బోరు పాత రాళ్ళకి తగిలి విరిగిపోయింది. అటు మూడో స్తంభం దగ్గర ఇసుక పద్దెనిమిది మీటర్లలో ఉంది, ఇటు అయిదో దాని దగ్గర ఇరవై అయిదులో. నాలుగో దాని పక్కనే మీ పాత వంతెన ఏడో పైలుంది. అప్పటి రిజిస్టరు మీ దగ్గరుందని ఎప్పుడో అన్నారు. ఏడో పైలు ఎన్ని అడుగుల దగ్గర ఆనిందో చూసి రాస్తారా?

మీ
ఇందుజ

ఏలూరు,
20 నవంబరు 2024

చిరంజీవి ఇందుజకు,

బాబాయి ఆశీస్సులు. ఉత్తరం అందింది. నూనె రాస్తున్నాను. వాసనకి మా మరదలు నన్ను వీధి అరుగు మీదకి తరిమేసింది. మోకాళ్ళ సంగతేమోగాని గాలి మాత్రం బాగా తగులుతోంది.

నీ యంత్రం గురించి నాలుగుసార్లు చదివాను. కొట్టకుండా, తిట్టకుండా నేలని బతిమాలి లోపలికి వెడుతుందన్నమాట. మీ తరానికి అన్నీ నొప్పి లేకుండా జరగాలి. మా రోజుల్లో నేలకీ మాకూ రోజూ తగాదాయే. అది ఎంత ఎదురు చెబితే మాకంత ధైర్యం. పైలు అంగుళం దిగడానికి పన్నెండు దెబ్బలు పడితే ఆనినట్టు లెక్క. పైలు తల దగ్గర నిలబడి "ఆనిందండి" అని కేకెయ్యడం మీ నాన్న గంగాధరరావు పని. ఆ కేక వినగానే నేను చెయ్యెత్తేవాణ్ణి. సుత్తిని ఎత్తి వదిలే వించి దగ్గర జీవరత్నం అనే అతను నా చేతినే చూస్తూ ఉండేవాడు. ఆఖరి పది దెబ్బలు పూర్తి ఎత్తునుంచి వేసేవాడు. ఆ దెబ్బలకి కూడా పైలు కదలకపోతే ఇక అయినట్టే. మీ నాన్న తువ్వాలు దులుపుకుని టీ అడిగేవాడు.

నీ యంత్రంతో ఒకటే నా సందేహం. ఎదురు చెప్పని నేల ఎక్కడ గట్టిదో ఎక్కడ మెత్తదో ఎవరు చెబుతారు? నీకూ తెలుసులే, అందుకే పాత లెక్క కావాలంటున్నావు.

రిజిస్టరు అటక మీద పెట్టిన గుర్తు. మూడిళ్ళు మారాం. చెదలు తినకుండా ఉంటే చూస్తాను. ఇరవయ్యేడేళ్ళ నాటి కాగితం మీద ఇప్పటి వంతెన కట్టడమేమిటమ్మా, ఇంకో బోరు వెయ్యకూడదూ?

మీ అమ్మగారిని ఆ సైటుకి రానివ్వకు. ఆమె చూడవలసిన చోటు కాదు.

ఆశీస్సులతో
సుబ్రహ్మణ్యం

కొల్లేటికోట,
9 డిసెంబరు 2024

బాబాయిగారికి నమస్కారాలు.

మీరు వద్దన్న పనే జరిగింది. అమ్మ నాతో చెప్పకుండా గూడెంలో బస్సెక్కి నిన్న సైటుకి వచ్చేసింది. అంగన్‌వాడీలో రిటైరైన దగ్గర్నుంచి ఆమెని పట్టుకోవడం నా వల్ల కావడంలేదు.

రెండో స్తంభం గొట్టం దింపుతున్నాం. అమ్మ ఒడ్డున కుర్చీలో కూర్చుని చూసింది. అరగంటైనా కదల్లేదు. ఎదురుగా కర్రల మీద గూడబాతులు కూడా కదల్లేదు. అప్పుడడిగింది: "ఇంతేనా చప్పుడు?"

ఇంతేనన్నాను.

"ఆ రోజూ ఇంత నెమ్మదిగా ఉండుంటే కేక వినపడేదే" అంది.

ఏ కేకని అడిగాను. "మీ నాన్నగారు ఏదో ఒకటి అనే ఉంటారే. మాటాడకుండా పోయే మనిషి కాదు. నేనెన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు" అంది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, మాకందరికీ తెచ్చిన పులిహోర డబ్బా తీసింది.

నాకు ఏడుపొచ్చింది బాబాయిగారూ. ఇంట్లో నాన్న మాట వస్తే ఆమె ఎప్పుడూ ఇంత మాట్లాడలేదు.

మాఘ బహుళ నవమి నాన్న తిథి కదా. ఈ ఏడూ మీరే వచ్చి స్వయంపాకం తీసుకోవాలంటోంది. బియ్యం, పప్పు గూడెంలోనే కొంటుందట, కంద మాత్రం మా ఉంగుటూరు చేలోంచి తెప్పిస్తుందట. "ఆయన చేతికిస్తే మీ నాన్నగారికి చేరినట్టే" అంటుంది. మీరు రాకపోతే నాతో మాట్లాడదు.

రిజిస్టరు దొరికిందా? నాలుగో స్తంభం తప్ప అన్నిటి లోతులూ తేలిపోయాయి. ఇంకో బోరంటే పడవ మీద మళ్ళీ పరికరం తేవాలి, మా పై అధికారి గోపీనాథ్‌గారు ఒప్పుకోవడంలేదు.

మీ
ఇందుజ

ఏలూరు,
18 డిసెంబరు 2024

ఇందుజకు,

రిజిస్టరు లేదు. పోయింది. దాన్ని గురించి ఇక అడగవద్దు.

ఉన్నా ఆ లెక్కలు నమ్మకు. అప్పుడు రాసినవాళ్ళు హడావిడిలో ఏవేవో రాశారు. బోరు వెయ్యి. మీ గోపీనాథ్ ఒప్పుకోకపోతే పని ఆపి కూర్చో. నీకు ఉద్యోగం పోయినా ఫరవాలేదు.

నవమికి రాలేనేమో. మోకాళ్ళు బాగాలేవు. మీ అమ్మగారితో నెమ్మదిగా చెప్పు.

సుబ్రహ్మణ్యం

కొల్లేటికోట,
17 జనవరి 2025

బాబాయిగారికి నమస్కారాలు.

మీ కిందటి ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నేనేం తప్పు చేశానా అని వెతుక్కున్నాను. అమ్మతో అంటే, "ఆయనకి ఆ వంతెన పేరెత్తితేనే బాధే. కళ్ళెదురుగా పోయారు కదా మీ నాన్నగారు. నువ్వేమో రోజూ అదే అడుగుతావు" అని నన్నే కోప్పడింది. నిజమేనండీ, క్షమించండి.

కానీ మంచి వార్త. రిజిస్టరు కార్బన్ కాపీ పాత రికార్డుల గదిలో దొరికింది. పేజీ తిప్పగానే మీ చేతిరాత. ఆ గుండ్రని అక్షరాలు ఎక్కడున్నా పోల్చుకుంటాను. నాకు ఎక్కాలు రాసిచ్చింది ఆ చేత్తోనే కదండీ.

"3-3-1997. ఏడో పైలు. 58 అడుగులు. అంగుళానికి 12 దెబ్బలు. ఆనింది."

నాన్న పోయిన రోజది. ఆయన వేసిన ఆఖరి కేక అదే కదండీ. ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఆయన గొంతు నాకు గుర్తులేదు. కాగితం మీద ఆయన మాట ఒకటి మిగిలిందని ఇన్నాళ్ళూ తెలియదు.

గోపీనాథ్‌గారు కాపీ చూసి ఇది చాలన్నారు. యాభై ఎనిమిది అడుగులంటే పద్దెనిమిది మీటర్లకి కాస్త తక్కువ. మూడో స్తంభం బోరుతో సరిపోతోంది. పదహారు మీటర్లకి నీళ్ళు కట్టేసి, మిగిలింది పొడిగా తోసి, నాన్న చెప్పిన చోట గొట్టాన్ని ఆనిస్తాను. ఈ నెల ఇరవై ఏడున ముహూర్తం. ఆ రోజు చెయ్యెత్తేది నేనే.

మీరిక్కడ ఉంటే బాగుండేది.

మీ
ఇందుజ

ఏలూరు,
23 జనవరి 2025

అమ్మా ఇందుజా,

ఈ పొద్దున మా తమ్ముడి ఫోనులోంచి నీకు "ఆపండి" అని ఒక్క మాట పంపించమన్నాను. "అమ్మాయికి అండీ ఏమిటన్నయ్యా, ఆపమ్మా అని రాస్తానుండు" అన్నాడు. వద్దు, చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఈ ఉత్తరం స్పీడు పోస్టులో వేస్తున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. మూడు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. ఆ మూడు రోజులూ నేను ఆలోచించింది నీ వంతెన గురించి కాదు, నా గురించి. ముందు ఆ సిగ్గు చెప్పుకోవాలి.

ఏడో పైలు యాభై ఎనిమిది అడుగుల దగ్గర ఆనలేదు. ఎక్కడా ఆనలేదు. అది నేను రాసిన అబద్ధం.

నలభై రెండో ఏటికే నా చెవులు సగం పైగా పోయాయి. చెబితే సైటునుంచి తీసేసి ఏ గోడౌనులోనో కూర్చోబెడతారని భయం. ఎవరేమన్నా "అలాగేనండీ" అని నెట్టుకొచ్చాను. కనిపెట్టింది మీ నాన్న ఒక్కడే. నన్ను అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. మర్నాటినుంచి కేకతో పాటు చేతులు కూడా చూపడం మొదలుపెట్టాడు. ఆనితే ఒక చెయ్యి పైకి. ఆపాలంటే రెండు చేతులూ అడ్డంగా. నేను ఆ చేతులు చూసి పనిచేసేవాణ్ణి. లోకం మాత్రం నేను కేక వింటున్నాననుకునేది. అలా రెండేళ్ళు నా ఉద్యోగం నిలబెట్టాడు.

ఆ రోజు పైలు యాభై ఎనిమిది అడుగులు దిగాక ఒక్కసారిగా దెబ్బలు బిగిశాయి. మీ నాన్నకి అనుమానం వచ్చింది. కొల్లేటి అడుగున అక్కడక్కడ నత్తగుల్ల పేరుకుని ఉంటుంది. జానెడు మందం, పలకలాగ గట్టి. కింద మళ్ళీ బురదే. లేదా పైలు తల మీద పెట్టే ఇనప టోపీలో చెక్కదిమ్మ చితికినా దెబ్బ అలాగే బిగుస్తుంది. ఏదో తేల్చుకుందామని, సుత్తి పైన నిలిచి ఉండగా, దాని కిందికి ఒంగి టోపీ కింద రెండు చేతులూ పెట్టాడు. చేతులు ఖాళీ లేవు. నాకు చెప్పడానికి అతనికి కేక ఒక్కటే మిగిలింది.

నేను తలవంచి రిజిస్టరులో దెబ్బలు రాసుకుంటున్నాను.

అతను "ఆపండి" అన్నాడు. నా చెవిలో పడింది మొదటి "ఆ", చివరి "అండి". మధ్యలోది పడలేదు. "ఆనిందండి" అన్నాడనుకున్నాను. తలెత్తకుండానే చెయ్యెత్తాను.

తలెత్తేసరికి అతను రెండోసారి అంటున్నాడు. పెదవులు కలిసి విడిపోయాయి. ఆనింది అంటే పెదవులు కలవవమ్మా, కావలిస్తే అద్దంలో చూసుకో. ఆపండి అంటేనే కలుస్తాయి. ఎత్తిన నా చెయ్యి దించుకునే లోపల జీవరత్నం సుత్తి వదిలేశాడు. నేను పెదవులు చదవడం నేర్చుకున్నది ఆ ఒక్క మాటతోనే.

"ఆపరా" అని అరిచి ఉంటే నాకు "అండి" వినపడేది కాదు. తలెత్తి చూసేవాణ్ణి. మీ నాన్న నన్ను ఒక్కనాడూ అండీ లేకుండా పిలవలేదు. ప్రాణం మీదకి వచ్చిన క్షణంలో కూడా మర్యాద తప్పలేదు.

సాయంత్రం విచారణకి పెద్ద ఇంజినీరు వచ్చేలోపల నేను ఆ వరుస రాశాను. రిజిస్టరులో "ఆనింది" అని ఉంటే అతను వేసిన కేక అదేనని తేలుతుంది. కేక అదే అయితే చెయ్యెత్తడం నా తప్పు కాదు. కేకేశాక చేతులు పెట్టడం అతని తప్పవుతుంది. అలాగే తేలింది. అసలు కేక విన్నవాళ్ళు ఒకరిద్దరు ఉండే ఉంటారు. నేను ఆఫీసు మనిషిని, పైగా పంతుల్ని. నా మాట మీద వాళ్ళు నోరు విప్పలేదు. పైలు ఆనిందని రాసి ఉంది కాబట్టి మర్నాడు దాని తల కోసి మీద కాంక్రీటు పోశారు. బస్సు ఊగే చోటు అదే. ఇన్నేళ్ళలో నేనా వంతెన ఒక్కసారి కూడా ఎక్కలేదు.

నిన్ను చేయి పట్టుకుని కాలేజీలో చేర్పించింది ప్రేమతోనేనా అంటే అవుననీ అనలేను, కాదనీ అనలేను. మీ అమ్మగారి చేతి స్వయంపాకం ఏటేటా తీసుకున్నాను. వద్దంటే ఎందుకని అడుగుతుందని భయపడి తీసుకున్నాను. ఆ బియ్యం ఇంటికి తెచ్చి వండించుకుని తిన్నాను.

ఈ ఉత్తరం ఎవరికి చూపిస్తావో నీ ఇష్టం. ఆ అంకె మీద మాత్రం గొట్టం ఆనించకు.

సుబ్రహ్మణ్యం

కొల్లేటికోట,
8 ఫిబ్రవరి 2025

శ్రీ సుబ్రహ్మణ్యం గారికి,

మీ తమ్ముడుగారి ఫోనునుంచి వచ్చిన మాట ఇరవై మూడున పది గంటల నలభై నిమిషాలకి చూశాను. యంత్రం ముందే ఖాళీ అయిందని ఆ పొద్దునే నాలుగో స్తంభం మొదలుపెట్టేశాం. గొట్టం పదిహేను మీటర్లు దిగి ఉంది. మీరు నన్ను అండీ అనడమేమిటని నవ్వొచ్చింది. ఆ తర్వాత భయమేసింది. చెయ్యెత్తి ఆపించేశాను. కారణం చెప్పలేక అందరి చేతా తిట్లు తిన్నాను.

ఉత్తరం ఇరవై అయిదున వచ్చింది. అది గోపీనాథ్‌గారి ముందు పెట్టాక బోరుకి ఒప్పుకున్నారు. యాభై ఎనిమిది అడుగుల దగ్గర జానెడు గుల్ల. దాని కింద వేలు దిగే బంకమట్టి. గట్టి ఇసుక ఎనభై ఎనిమిది అడుగుల దగ్గర మొదలైంది. మొన్న గొట్టం దింపినప్పుడు ఆ గుల్ల దగ్గర నిజంగానే ఆగింది. గేజి ముల్లు లేచింది. మీ ఉత్తరం రాకపోయుంటే ఆనిందనుకుని ఆపేసేదాన్నే. ఇంకాస్త తోసేసరికి గుల్ల విరిగి గొట్టం ఒక్కసారిగా రెండడుగులు జారింది. యంత్రం చప్పుడు కూడా మారలేదు.

పాత వంతెన సంగతి కూడా పైకి రాశాం. వచ్చి చూశారు. ఏడో పైలు తల చుట్టూ బీటలున్నాయి. పెద్ద బండ్లు ఆపేశారు. ఈ నెలాఖరుకి పూర్తిగా మూసేస్తారు. మా వంతెన తయారయ్యేదాకా ఊరంతా పడవల మీద దాటాలి. పురుటికి వెళ్ళాలన్నా, ఆస్పత్రికి వెళ్ళాలన్నా అంతే.

ఇక మీకు తెలియని సంగతి ఒకటి. విచారణ కాగితం అమ్మ బియ్యం డబ్బా అడుగున దాచింది. నా పద్నాలుగో ఏట అది చదివాను. "మృతుని స్వయంకృత అజాగ్రత్త" అని ఉంది. ఆ రోజునుంచి నేను అజాగ్రత్త మనిషి కూతురినని నాకు నేనే చెప్పుకుంటూ పెరిగాను. రోడ్డు దాటాలన్నా రెండుసార్లు చూసేదాన్ని. సైటులో హెల్మెట్టు లేని మనిషి కనబడితే అరిచేదాన్ని. నాన్న మీద నాకు కోపం ఉండేదండీ. ఇరవై ఏళ్ళు మనసులో ఆయన్ని తిట్టుకున్నాను. మీరు మా ఇంటికొచ్చి నాకు లెక్కలు చెబుతూ అదంతా చూస్తూ కూర్చున్నారు. మీ చెవులు అడ్డొచ్చింది ఆ ఒక్క రోజే. మిగతా ఇరవయ్యేడేళ్ళూ నోరుంది కదా మీకు.

ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. మూడో రోజు పొయ్యి ముందు కూర్చుని, "కేకేశారన్నమాట" అంది. ఆ తర్వాత ఇలా రాయమంది. ఆమె మాటలే రాస్తున్నాను:

"నవమి నాడు రమ్మను. స్వయంపాకం కోసం కాదు. నా ఎదురుగా నిలబడి, ఆయన ఆ రోజు అన్న మాట ఎలా అన్నారో అలా గట్టిగా అనమను. నేను వినాలి."

అంతకు ముందు మీరు చెయ్యవలసింది, జరిగింది జరిగినట్టు ఆఫీసుకి రాసి సంతకం పెట్టడం. విచారణ కాగితంలోంచి అజాగ్రత్త అన్న మాట తీయించాలి.

ఇందుజ

ఏలూరు,
24 ఫిబ్రవరి 2025

అమ్మా ఇందుజా,

అమ్మా అని రాసే అర్హత ఉందో లేదో తెలియదు. వేరే మాట రాదు.

ఆఫీసుకి రాసిచ్చాను. తీసుకున్న గుమాస్తా నా ముఖం చూసి రెండుసార్లు చదివాడు. రసీదు నకలు దీంతో పెడుతున్నాను. ఏం చేస్తారో వాళ్ళ ఇష్టం, నేను సిద్ధంగానే ఉన్నాను.

నవమి నాడు జరిగింది నువ్వు చూశావు. నాకు తెలిసినంత నేను రాస్తాను, తెలియనిది నువ్వు రాయాలి.

మీ అమ్మగారు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. లోపలికి రమ్మనలేదు. మీ నాన్న ఫోటో ముందు పీట మీద పళ్ళెంలో బియ్యం, కంద, అరటికాయలు కనిపించాయి. ఆమె వాటివైపు చూడలేదు, నేనూ చూడకుండా ఉండాలని ప్రయత్నించాను. ఆమె నావైపు తలూపారు. అనమని.

అన్నాను. నా గొంతు నాకు వినపడదు. అరిచానో గొణిగానో తెలియదు. ఆ రోజు మీ నాన్న గొంతు ఎలా ఉందో కూడా నాకు తెలియదు కదా, విని ఉంటే ఇంత జరిగేదా? అందుకని మూడుసార్లు అన్నాను. మూడోసారి పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు, కనుక గట్టిగానే అని ఉంటాను. నువ్వు గోడవైపు తిరిగిపోయావు.

అప్పుడు మీ అమ్మగారు ఏదో అన్నారు. ఒక్క మాటే. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెదవులు కనపడలేదు. మళ్ళీ అనమని అడగడానికి నాకు నోరు రాలేదు. తలుపు వేసుకున్నారు.

బస్టాండులో కూర్చుని ఆలోచించాను, ఇంటికొచ్చీ ఆలోచిస్తున్నాను. పొమ్మన్నారా? ఛీ అన్నారా? ఏదన్నా పడతాను. తెలియకుండా ఉండడం మాత్రం నా వల్ల కావడంలేదు. ఒక మాట సగం విని, మిగతా సగం నేనే పూరించుకుని ఏం చేశానో నీకు తెలుసు. ఇంకోసారి ఆ పని చెయ్యలేను.

ఆమె ఏమన్నారో రాయి.

సుబ్రహ్మణ్యం

కొల్లేటికోట,
4 మార్చి 2025

సుబ్రహ్మణ్యం గారికి,

రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. అమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. అమ్మ మిమ్మల్ని క్షమించిందని అనుకోకండి. నేనడగలేదు, ఆమె చెప్పలేదు. నేను మాత్రం క్షమించలేదు. ఇకముందు నాకు ఉత్తరాలు రాయవద్దు.

ఆ పళ్ళెంలోవి అమ్మే వండింది. నాన్న ఫోటో ముందు పెట్టి ఇద్దరం తిన్నాం.

పాత వంతెన మూసేశారు. నాలుగో స్తంభం గొట్టం ఎనభై తొమ్మిది అడుగుల దగ్గర ఆనింది. ఆఖరి రెండు మీటర్లు నీళ్ళు లేకుండా తోశాం, పదిహేను రోజులు వదిలేసి బరువు పెట్టి చూశాం, వెంట్రుకవాసి కూడా దిగలేదు. అక్కడ ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. అమ్మ వచ్చి దాని మీద చెయ్యి వేసి వెళ్ళింది.

మీరడిగిన మాట. ఆ రోజు కొంగు వెనకనుంచి అమ్మ అన్నది ఇదీ:

"వినపడిందండి."

ఇందుజ